కలెక్టర్ లేని జిల్లా

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొందామని బయల్దేరిన తెలుగువాడి దగ్గర మూడు ప్రశ్నలు రెడీగా ఉంటాయి. స్కూల్ రేటింగ్ ఎంత? ఆఫీసుకి ఎన్ని నిమిషాలు? తూర్పు ముఖమేనా? "ఇది ఏ కౌంటీ కిందకొస్తుంది?" అనే నాలుగో ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. రియల్టరు తనంతట తను చెప్తే ఊఁ కొడతాం, అంతే. ఆరు నెలలుగా నేనూ మా ఆవిడా శని, ఆదివారాలు ఇదే పని మీద తిరుగుతున్నాం. ఏ ఇంటి కాగితాలు తిరగేసినా ప్రాపర్టీ టాక్సు బిల్లులో నాలుగైదు పద్దులు కనిపిస్తాయి. కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కాలేజీ, ఇంకా ఏవేవో. కోడ్ చదివి బతికేవాడికి ఓ జబ్బుంటుంది. ఓ వేరియబుల్ కనబడితే అది ఎక్కడ డిక్లేర్ అయిందో చూడందే నిద్ర పట్టదు. అలా ఆ మొదటి పద్దు వెంటపడి పోతే 1836 దాకా తేలాను. కింద రాసేదంతా ఆ తవ్వకాల ఫలితమే. ఓపికుంటేనే చదవండి :)

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అని ఇంటికి ఫోన్ చేసినప్పుడు అందరం చెప్పేస్తుంటాం. ఇంతకంటే పొట్టి మాట దొరకదు కాబట్టి చెప్పడంలో తప్పులేదు. కానీ ఈ పోలిక మా నాన్న దగ్గర పది నిమిషాలు కూడా నిలబడలేదు.

నాన్న రెవెన్యూ శాఖలో పనిచేసి డిప్యూటీ తాసిల్దారుగా రిటైరయ్యారు. మాది నరసరావుపేట. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయినప్పుడు పల్నాడు జిల్లాకి మా ఊరే కేంద్రమైంది. సర్వీసంతా గుంటూరు కలెక్టరేట్‌కి ఫైళ్లు మోసిన మనిషి కదా, తను రిటైరయ్యాక కలెక్టర్ ఆఫీసే ఊళ్లోకి వచ్చిందని ఆయనకి ఆనందమూ, కాస్త ఉక్రోషమూ. పోయినేడాది ఇక్కడికొచ్చి ఐదు నెలలున్నారు. వచ్చిన వారానికే అడిగారు.

"ఒరే, ఈ జిల్లాకి కలెక్టరెవరు?"

"లేరు నాన్నా."

"సెలవులో ఉన్నాడా?"

"కాదు నాన్నా, అసలు ఆ పోస్టే లేదు."

"మరి జిల్లా ఎట్టా నడుస్తదిరా?"

అక్కడ్నించి ఓ గంట క్లాసు. కౌంటీకి నలుగురు కమిషనర్లు, వాళ్ల పైన ఒక కౌంటీ జడ్జి. ఈ ఐదుగురూ కలిసి కూర్చుంటే దాన్ని కమిషనర్స్ కోర్టు అంటారు. అది పేరుకే కోర్టు. బడ్జెట్లు, రోడ్లు, జైలు ఖర్చులు, టాక్సు రేట్లు తేల్చే సభ అది. పెద్ద కౌంటీల్లో అయితే ఆ జడ్జి గారు తీర్పులేమీ చెప్పరు. ఆయనకి లా డిగ్రీ కూడా అక్కర్లేదు, రాష్ట్ర చట్టాల గురించి బాగా తెలిసినవాడైతే చాలని రాజ్యాంగం అంటుంది. 2018లో హ్యారిస్ కౌంటీకి, అంటే హ్యూస్టన్‌కి, లీనా హిడాల్గో జడ్జిగా ఎన్నికయ్యేనాటికి ఆవిడ వయసు 27. అదే ఏడాది పక్కనున్న ఫోర్ట్ బెండ్ కౌంటీలో కేరళలో పుట్టిన కె.పి. జార్జ్ గెలిచారు. ఇద్దరూ లాయర్లు కారు.

"పోనీ, ఆ జడ్జి కింద షెరీఫు పనిచేస్తాడా?" అన్నారు నాన్న. లేదు. షెరీఫ్‌ని జనం విడిగా ఎన్నుకుంటారు. జిల్లా అటార్నీని విడిగా, కౌంటీ క్లర్కుని విడిగా ఎన్నుకుంటారు. జస్టిస్ ఆఫ్ ది పీస్ అని చిల్లర కేసుల జడ్జీలుంటారు, వాళ్లనీ అంతే. చివరికి కానిస్టేబుల్‌ని కూడా.

"కానిస్టేబుల్‌కి ఎలక్షనేందిరా!" అని నాన్న నవ్విన నవ్వుకి పక్క గదిలోంచి అమ్మ వచ్చింది.

కలెక్టర్ అనే మాట ఇక్కడ లేకపోలేదు. టాక్స్ అసెస్సర్-కలెక్టర్ అని ఒకాయనుంటాడు. ఆయనా ఎన్నికైనవాడే. పన్ను వసూలు చేస్తాడు, కారు రిజిస్ట్రేషన్ స్టిక్కర్లిస్తాడు. మన కలెక్టర్ కూడా 1772లో వారన్ హేస్టింగ్స్ కాలంలో శిస్తు వసూలు కోసం పుట్టినవాడే కదా. మనవాడు శిస్తు నుంచి మొదలై జిల్లాకే దొర అయ్యాడు. ఇక్కడివాడు శిస్తు దగ్గరే ఆగిపోయాడు. ఎందుకు ఆగిపోయాడన్నదే నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తి కలిగించిన ముక్క.

టెక్సాస్ మెక్సికోలో భాగంగా ఉన్నప్పుడు మునిసిపాలిటీలుండేవి. పేరు చూసి ఊళ్లనుకోకండి, ఒక్కోటీ బోలెడంత భూమి. 1836లో విడిపోయి సొంత దేశమయ్యాక వాటినే 23 కౌంటీలుగా మార్చారు. అమెరికాలో కలిశాక కూడా పంపకాలు సాగాయి. మేమున్న కాలిన్ కౌంటీ 1846లో ఫానిన్ కౌంటీ నుంచి విడిపోయింది. కాలిన్ మెకిన్నీ అనే ఒకాయన పేరులో మొదటి సగం కౌంటీకి, రెండో సగం దాని ముఖ్యపట్టణానికి పెట్టేశారు. వేరియబుల్ పేర్లు పెట్టడంలో మన ప్రోగ్రామర్లు కూడా ఇంత పొదుపు చూపించరు. అసలు మొదటి ముఖ్యపట్టణం మెకిన్నీ కాదు, బక్‌నర్ అనే ఊరు. కౌంటీ నడిమధ్య నుంచి మూడు మైళ్లకి మించి దూరం ఉందని 1848లో దాన్ని మార్చేశారు. జనం గుర్రాల మీద, బండ్ల మీద కోర్టుకి వచ్చే రోజులు మరి. జిల్లా కేంద్రం ఎక్కడుండాలి అని మనూళ్లలో బంద్‌లు చేసినప్పుడల్లా నాకీ మూడు మైళ్ల లెక్క గుర్తొస్తుంది.

అసలు మలుపు 1876లో వచ్చింది. అంతర్యుద్ధం తర్వాత ఎడ్మండ్ జె. డేవిస్ అనే గవర్నరు అధికారమంతా ఆస్టిన్‌లో పోగేశాడు. రాష్ట్ర పోలీసు దళం పెట్టాడు, స్థానిక పదవుల్లో మనుషుల్ని నియమించే అధికారం కూడా తెచ్చుకున్నాడు. ఆయన పోగానే వచ్చినవాళ్లు కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. దాని సారాంశం ఒక్కటే, ఎవరికీ ఎక్కువ అధికారం ఇవ్వకూడదు. (ఆ కోపమంతా స్వేచ్ఛ మీద ప్రేమే అనుకోనక్కర్లేదు. డేవిస్ పోలీసుల్లో నల్లజాతివాళ్లుండటం, వాళ్ల హక్కుల్ని ఆ పోలీసులు కాపాడబోవటం చాలామందికి మింగుడుపడలేదు.) కాబట్టి కౌంటీలో ప్రతి పదవినీ విడగొట్టి, ప్రతిదానికీ ఎన్నిక పెట్టారు. షెరీఫ్‌ని జడ్జి తీసేయలేడు, క్లర్కుని షెరీఫు అదిలించలేడు. పైగా కౌంటీకి సొంతంగా చట్టాలు చేసుకునే అధికారం లేదు. రాష్ట్రం ఇదిగో ఈ పని చెయ్యి అని రాసిచ్చిందే చెయ్యాలి. ఆ రాజ్యాంగమే, వందల సవరణలతో, ఇప్పటికీ నడుస్తోంది. నా మట్టుకు నాకు ఇది మన ఆఫీసుల్లో ఉండే పాత మెయిన్‌ఫ్రేమ్ లాంటిది. ఎవరికీ ఇష్టం లేదు, ముట్టుకోడానికి ఎవరికీ ధైర్యం లేదు.

అదే 1876లో పశ్చిమాన ఇంకా జనమే లేని నేల మీద ఒక్క చట్టంతో 54 కౌంటీలు గీసేశారు. మ్యాపులో పాన్‌హ్యాండిల్ వైపు చూడండి, గళ్ల నోటుపుస్తకంలా ఉంటుంది. ఒక్కో గడీ సుమారు 30 మైళ్లు పొడవు, 30 మైళ్లు వెడల్పు. మొత్తం సంఖ్య 1931 నుంచి 254 దగ్గర ఆగిపోయింది. అమెరికాలో ఇన్ని కౌంటీలున్న రాష్ట్రం ఇంకోటి లేదు. రెండో స్థానంలో ఉన్న జార్జియాకి 159.

ఈ గడుల్లో పోలికలు వెతక్కండి. బ్రూస్టర్ కౌంటీ దాదాపు 16,000 చదరపు కిలోమీటర్లు. మా పాత ఉమ్మడి గుంటూరు జిల్లా 11,391. 2011 లెక్కల్లో గుంటూరు జనాభా 48 లక్షల పైచిలుకు. బ్రూస్టర్‌లో 2020 లెక్కల్లో పదివేల మంది కూడా లేరు. హ్యారిస్ కౌంటీలో అదే లెక్కల ప్రకారం 47 లక్షల మంది, అంటే ఇంచుమించు ఓ గుంటూరు జిల్లా. లవింగ్ కౌంటీలో 64 మంది. ఆరువేల నాలుగొందలు కాదు, అరవై నాలుగు. ఇద్దరికీ అదే రాజ్యాంగం, అదే ఒక జడ్జి, అదే నలుగురు కమిషనర్లు. ఒకచోట కమిషనర్‌కి పన్నెండు లక్షల మంది జనం, ఇంకోచోట పదహారు మంది!

కౌంటీ లోపల కూడా ఇదే తంతు చాలాకాలం నడిచింది. 1960లలో మిడ్‌లాండ్ కౌంటీలో నాలుగు కమిషనర్ నియోజకవర్గాలుండేవి. దాదాపు ఊరు మొత్తం ఒక దాంట్లో, 67,906 మంది. మిగతా మూడింట్లో 852, 414, 828. ఓటు మాత్రం నలుగురు కమిషనర్లకీ సమానం. దాంతో ఊళ్లో జనం పన్ను కట్టడం, పల్లెల్లో రోడ్లు పడటం. ఊరి మేయరు ఏవరీ కేసేస్తే అది అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1968లో తీర్పొచ్చింది. ఒక మనిషికి ఒక ఓటు అన్న సూత్రం కౌంటీలకీ వర్తిస్తుంది పొమ్మన్నారు. అమెరికా ప్రజాస్వామ్యం గురించి మనం విన్న గొప్పలన్నీ నిజమే గానీ, ఈ చిన్న లెక్క సరిచేయడానికి 1968 దాకా పట్టింది.

ఈ గీతలు మనకేం చేస్తాయ్ అనుకునేవాళ్లకి 2020 మార్చి గుర్తుచేస్తాను. నేనప్పుడు ఎం.ఎస్. చివరి సెమిస్టర్లో ఉన్నాను. రిచర్డ్‌సన్‌లో నలుగురం ఒక అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లం. ఆ ఊరు సగం డాలస్ కౌంటీలో, ఇంకొంచెం కాలిన్ కౌంటీలో ఉంటుంది. విపత్తు వస్తే కౌంటీ జడ్జికి ఒక్కసారిగా బోలెడు అధికారం వస్తుంది. మామూలు రోజుల్లో కోరలు పీకిన మనిషికి ఆ ఒక్క రోజున దండం ఇస్తారన్నమాట. డాలస్ జడ్జి అత్యవసరం కాని వ్యాపారాలన్నీ మూసెయ్యమన్నారు. మర్నాడో ఆ పక్కరోజో కాలిన్ జడ్జి కూడా ఇంట్లో ఉండమన్నారు గానీ, వ్యాపారాలన్నీ అత్యవసరమైనవే, తెరుచుకోవచ్చని రాశారు. డెంటన్ వాళ్లు డాలస్ దారి పట్టారు. ఫ్రిస్కో ఊరైతే కాలిన్, డెంటన్ రెండింట్లోనూ ఉంది. ఊరొకటే, వైరస్ ఒకటే, ఆర్డర్లు రెండు. ఆ నెలాఖరుకి గవర్నర్ రాష్ట్రం మొత్తానికి ఒకటే ఉత్తర్వు ఇచ్చేదాకా మా స్నేహితుల గ్రూపులో జరిగిన చర్చంతా ఇదే, రోడ్డుకి ఏ పక్క ఏది తెరిచి ఉందని. ఎవరి ఆర్డరు సరైనదన్న గొడవలోకి నేను వెళ్లను. జనం ఓటేసేటప్పుడు పేరు కూడా చదవని పదవి అది, ఆ పదిరోజులూ మా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. అది చాలు నాకు.

ఇక డబ్బు సంగతి. కాలిన్ కౌంటీలో 1970లో 67 వేల మంది ఉండేవాళ్లు. పత్తి, గోధుమ, నల్లరేగడి. (అవును, ఇక్కడా నల్లరేగడే. ఎండాకాలం పునాదుల కింద మట్టి బీటలు వారకుండా తడపాలని మీ ఇంటి ఇన్‌స్పెక్టరు చెప్పే ఉంటాడు.) 2020కల్లా పది లక్షలు దాటారు. రాస్ పెరో కంపెనీ ఈడీఎస్ ప్లేనోలో వేల ఎకరాలు కొని లెగసీ అనే బిజినెస్ పార్కు వేసింది. న్యూయార్క్ నుంచి జేసీపెన్నీ వచ్చింది. కాలిఫోర్నియా నుంచి వస్తున్నామని 2014లో టయోటా ప్రకటించి, 2017లో వచ్చేసింది. వాటి వెనకాలే మనం. ఆ ఆఫీసుల భూమి విలువ మీద పన్ను వస్తుంది కాబట్టి కౌంటీ రేటు తక్కువగా ఉంచగలుగుతోంది. ఈ మధ్య ఏళ్లలో వంద డాలర్ల విలువకి పదిహేను సెంట్ల చుట్టూ తిరుగుతోంది. గీత దాటి డాలస్ కౌంటీలోకి పోతే కౌంటీకి 20 సెంట్ల పైన, పార్క్‌లాండ్ ఆసుపత్రికి విడిగా ఇంకో 20 సెంట్ల పైన. రియల్టర్లందరూ ఈ తేడా చూపించి "చూశారా సార్" అంటారు.

నేనూ చూశాను. పార్క్‌లాండ్ అంటే 1963లో కెనడీని కాల్పుల తర్వాత తీసుకెళ్లిన ఆసుపత్రి. ఇన్సూరెన్సు లేని డాలస్ కౌంటీ వాసి రాయితీ మీద వైద్యం చేయించుకునే చోటు. దానికోసమే హాస్పిటల్ డిస్ట్రిక్ట్ అని ఒక పన్ను. కాలిన్‌లో అలాంటి డిస్ట్రిక్ట్ లేదు, కాబట్టి ఆ పన్నూ లేదు. అది లేని కౌంటీలు పేదల వైద్యానికి కనీసం ఎంత చెయ్యాలో 1985 నాటి రాష్ట్ర చట్టం చెబుతుంది. ఫెడరల్ పేదరిక రేఖలో 21 శాతం లోపు ఆదాయం ఉన్నవాళ్లని చూడాలి. పేదరిక రేఖకి కింద కాదండోయ్, ఆ రేఖలో ఐదో వంతుకి దగ్గర. 2025 లెక్కన ఒంటరి మనిషికి నెలకి 300 డాలర్లు కూడా రావు. కౌంటీ తనంతట తను అంతకంటే ఎక్కువ చెయ్యొచ్చు, కాదనేవాళ్లు లేరు. చట్టం బలవంతం చేసేది మాత్రం అంతవరకే. మన బిల్లులో మిగిలే ఆ సెంట్లలో కొన్ని ఇలా మిగిలినవి. ఇల్లు కొనేవాడిగా నాకూ ఆ తక్కువ రేటే కావాలి, అబద్ధం చెప్పను. అది కౌంటీ సమర్థత వల్లే వచ్చిందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను.

రైలు కథా ఇలాంటిదే. రాష్ట్ర సేల్స్ టాక్స్ 6.25 శాతం మీద ఊళ్లు రెండు శాతం దాకా వేసుకోవచ్చు. ప్లేనో 1983లోనే అందులో ఒక శాతం డార్ట్ రైలుకిచ్చింది. ఫ్రిస్కో, ఆలెన్, మెకిన్నీ ఆ ఒక శాతాన్ని కంపెనీల్ని, స్టేడియాల్ని రప్పించే కార్పొరేషన్లకి పెట్టుకున్నాయి. అందుకే ఫ్రిస్కోలో స్టేడియాలున్నాయి, రైలు లేదు. మా ఆఫీసు రాత్రిపూట శుభ్రం చేసే ఆవిడ డాలస్ దక్షిణం నుంచి ఇద్దరితో కలిసి కారు పంచుకుని వస్తుంది. ఆ కారు చెడిపోయిన రోజు ఆవిడ రాదు, అంతే.

ఇంతకీ ఆ 64 మంది కౌంటీని నేను కళ్లారా చూశాను. రెండేళ్ల కిందట థాంక్స్‌గివింగ్‌కి నలుగురం కార్ల్స్‌బాడ్ గుహలకి పోయాం. డాలస్ నుంచి మిడ్‌లాండ్, ఒడెస్సా దాటి కెర్మిట్ మీదుగా 302 రోడ్డు పట్టుకుంటే మెంటోన్ వస్తుంది, అదే లవింగ్ ముఖ్యపట్టణం. 1935లో కట్టిన చిన్న ఇటుకల కోర్టు భవనం. దాని చుట్టూ ఊరని చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్డు మీద మాత్రం ఊపిరాడనివ్వని ట్రక్కులు. చీకటి పడ్డాక దూరంగా ఆయిల్ బావుల దగ్గర గ్యాసు మంటలు, వరసగా. మా వాడొకడు "దీపావళిరా" అన్నాడు. ఆ నేల కింద పర్మియన్ బేసిన్ చమురుంది. నేల లోపలున్న చమురు మీద కూడా ఇక్కడ ఆస్తి పన్నే. అంటే 64 మంది కౌంటీకి పన్ను కట్టేవి ఆయిల్ కంపెనీలు. అక్కడ పనిచేసే వేలమంది రాత్రికి క్యాంపుల్లో పడుకుంటారు, జనాభా లెక్కల్లో వేరే ఊళ్లలో ఉంటారు. పిల్లలు పక్క కౌంటీలో ఉన్న వింక్ ఊరి బడికి పోతారు.

ఈ కౌంటీ పుట్టుక ఇంకా తమాషా. 1887లో గీత గీశారు. 1890 లెక్కల్లో అక్కడ ముగ్గురున్నారు. 1893లో డెన్వర్ నుంచి కొందరు వచ్చి కాలువల కంపెనీ అన్నారు, 150 మంది ఓటర్ల పేర్లతో అర్జీ పెట్టారు, ఎన్నికలు జరిగాయన్నారు, కౌంటీ ఏర్పాటు చేసేశారు. ముగ్గురున్నచోట మూడేళ్లలో 150 మంది ఓటర్లు! కౌంటీ ఉంటే దాని పేరున అప్పు పుట్టించొచ్చు కదా. అదంతా బయటపడి 1897లో ప్రభుత్వం ఆ కౌంటీనే రద్దు చేసి పక్కదాంట్లో కలిపేసింది. తర్వాత చమురు పడింది, 1931లో మళ్లీ కౌంటీ అయ్యింది. టెక్సాస్‌లో రెండుసార్లు ఏర్పాటైన కౌంటీ ఇదొక్కటే.

నేల కింద చమురూ లేక, నేల మీద టయోటా కూడా లేకపోతే? మెక్సికో సరిహద్దులో రియో గ్రాండ్ వెంబడి స్టార్, హిడాల్గో లాంటి కౌంటీలున్నాయి. స్టార్‌లో సగటు కుటుంబం ఆదాయం కాలిన్‌లో దాంట్లో మూడో వంతు దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ కొలోనియా అంటారు. మన కాలనీయే, పలకడం వేరు. పొలాన్ని ముక్కలు చేసి, నీళ్లు, మురుగు కాలువ లేకుండానే వాయిదాల మీద అమ్మేశారు. వాయిదాలు మొత్తం తీరేదాకా పట్టా చేతికి రాదు. ఒక్క వాయిదా తప్పితే కట్టిందంతా గోవిందా. మన పంచాయతీ లేఔట్లూ, క్రమబద్ధీకరణ దరఖాస్తులూ తెలిసినవాళ్లకి నేను వివరించక్కర్లేదు. కౌంటీ ఆపలేదా? ఆపడానికి చట్టం చేసే అధికారమే దానికి లేదని పైన చెప్పాను కదా. 1989లో, మళ్లీ 1995లో రాష్ట్రమే చట్టాలు చేసి, నీళ్లు, మురుగు ఏర్పాట్లు లేని ప్లాట్లు సరిహద్దు కౌంటీల్లో అమ్మకూడదంది. అప్పటికే లక్షలమంది దిగిపోయారు. డాలస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2015 లెక్క ప్రకారం రెండువేలకి పైగా కొలోనియాలు, దాదాపు 5 లక్షల మంది.

కౌంటీల మధ్య ఈ ఎగుడుదిగుడులు సరిచేద్దామని రాష్ట్రం ప్రయత్నించకపోలేదు. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద స్కూల్ డిస్ట్రిక్ట్ 1984లో కేసేసింది, 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు వాళ్లకి అనుకూలంగా ఏకగ్రీవ తీర్పిచ్చింది. 1991లో 188 కౌంటీ విద్యా డిస్ట్రిక్టులు పెట్టి, ఒక్కోదానిలో ఉన్న స్కూళ్లకి డబ్బు పంచుదామన్నారు. మరుసటేడే కోర్టు దాన్ని కొట్టేసింది. ఇది దొంగదారిన వచ్చిన రాష్ట్ర ఆస్తి పన్ను, రాజ్యాంగం ఒప్పుకోదు అంది. 1993లో వచ్చిందే మనవాళ్లందరూ తిట్టుకునే రాబిన్‌హుడ్ చట్టం. ప్లేనో లాంటి డిస్ట్రిక్టులు ఏళ్ల తరబడి కోట్ల డాలర్లు దానికింద కట్టాయి. "మన పన్ను ఎక్కడికో పోతోంది" అని వీకెండ్ పార్టీల్లో వింటుంటాను. నిజమే, పోతోంది. మనం చదివిన గవర్నమెంటు కాలేజీ సీటు ఖర్చూ ఎక్కడెక్కడి నుంచో వచ్చింది. బిర్యానీ చల్లారుతుందని ఆ మాట పైకి అనను.

ఇక నా ఇంటి సంగతి. మా బడ్జెట్‌లో దొరికేవన్నీ ఊరి హద్దుల అవతల, ఏ సిటీ కిందా లేని చోట కడుతున్న కొత్త ఇళ్లు. అక్కడ సిటీ లేదు, కౌంటీ నీళ్లివ్వదు. అందుకని బిల్డర్లు మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అని పెట్టిస్తారు. దాన్నే మనవాళ్లు మడ్ అంటారు. అది బాండ్లు అమ్మి పైపులూ డ్రైనేజీ వేస్తుంది, ఆ అప్పుని ఇరవై ముప్పై ఏళ్లు ఇళ్లవాళ్లు పన్నుగా తీరుస్తారు. మేం చూసిన ఒకదానికి అది కౌంటీ పన్నుకి నాలుగు రెట్లకి పైనే ఉంది. బాండ్లకి ముందు ఓటర్లు ఒప్పుకోవాలని రూలు. ఇంకా ఒక్క ఇల్లూ లేనిచోట ఓటర్లెక్కడివి? డెవలపర్లు ఖాళీ పొలంలో ట్రెయిలర్ ఇళ్లు దింపి, అందులో ఇద్దరు ముగ్గుర్ని కాపురం పెట్టించి, వాళ్ల ఓట్లతో కోట్ల డాలర్ల బాండ్లు పాస్ చేయించుకున్న వైనాలు ఇక్కడి పత్రికల్లో ఎప్పుడో వచ్చాయి. 1893లో డెన్వర్ పెద్దమనుషులకి ఈ సంగతి తెలిస్తే ఎంత పొంగిపోయేవాళ్లో! తేడా ఏమిటంటే ఇది చట్టబద్ధం, పైపులు కూడా నిజంగానే వేస్తారు. ఈ నీళ్ల ఏర్పాటు లేనిదే కొలోనియా, ఉన్నదే మన సబ్‌డివిజన్. రెండూ కౌంటీకి అధికారం లేని ఖాళీలో మొలిచినవే.

ఈ పన్నులన్నీ కడతాను గానీ నాకు ఓటు లేదు. హెచ్-1బీ మీదున్నవాడికి గ్రీన్‌కార్డ్ ఎప్పుడొస్తుందో, ఆ తర్వాత ఐదేళ్లకి సిటిజన్‌షిప్ ఎప్పుడొస్తుందో లెక్కవేస్తే మడ్ బాండ్లే ముందు తీరేట్టున్నాయి. జ్యూరీ డ్యూటీకి రమ్మని మాత్రం కౌంటీ ఉత్తరం రాసింది. డ్రైవింగ్ లైసెన్సుల జాబితా చూసి పంపుతారు. సిటిజన్ కాదు అన్న గడిలో టిక్కు పెట్టి తిప్పి పంపేశాను.

మా పై అంతస్తులో ఉండే అన్నకి ఓటుంది. 2024 నవంబర్‌లో ముందస్తు ఓటింగ్‌కి పోయి, పార్కింగ్ లాట్‌లోంచి నాకు ఫోన్ చేశాడు. పోలింగ్ గదిలో ఫోన్ వాడనివ్వరు కదా. చేతిలో శాంపిల్ బ్యాలెట్ ఉంది. "తమ్ముడూ, ప్రెసిడెంటూ సెనేటరూ సరే. దాని కింద ఇన్ని పేర్లున్నాయేంటి? నువ్వేదో ఇదంతా చదువుతున్నావుగా, చెప్పు." పార్టీ మొత్తానికి ఒకే మీట నొక్కే పద్ధతి 2020 ఎన్నికల నుంచి తీసేశారు కాబట్టి ఒక్కొక్కటీ నొక్కాల్సిందే. ఒక్కో పదవీ ఏంచేస్తుందో చెప్పుకుంటూ పోయాను. షెరీఫ్ దగ్గర జైలు, కలెక్టర్ దగ్గర కారు స్టిక్కరు. ఎవరికి వెయ్యమని మాత్రం చెప్పలేదు. మా సబ్‌డివిజన్ బయట గుంతల రోడ్డు కానిస్టేబుల్ వేయిస్తాడా అని అడిగాడు. కాదన్నా, అది కమిషనర్ పని అన్నాను. రాసుకున్నాడు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. లోపల ఓటెయ్యడానికి ఆయనకి పట్టింది పన్నెండు నిమిషాలట.